రెండు ఋణములు

శరదృతువు వచ్చినది. ఇంగ్లీషు కావ్యములు చదివిన విద్యార్థులు ఈ మాట వినగానే రాలుచున్న పండుటాకులను తలంతురు. మన దేశమున ఆకు రాలుట శిశిరధర్మము. మన శరత్తు తేటపడు కాలము. వానలకు ఎఱ్ఱబాఱి పొంగిన కృష్ణాగోదావరులు ఆశ్వయుజమునాటికి తేరుకొనును. లంకలయందు రెల్లు పూచును. వెన్నెల కడిగిన వెండివలె నుండును. పుస్తకములు గల యిండ్లలో ఈ కాలమునకు మఱియొక పని కూడ కలదు. నాలుగు నెలల తేమకు అట్టలు మెత్తబడును, పుటలు అంటుకొనును, గోడవైపు వరుసకు చెద పట్టినదేమోయను శంక కలుగును. కావున మంచి యెండ కాయు నొకనాడు పుస్తకములనన్నిటిని డాబామీద చాపలపై పఱచి ఆరబెట్టుట మాకు వాడుక. కొన్నవెన్ని, చదివినవెన్ని, తీరిక దొరకినప్పుడు చదువుదమని దాచినవెన్ని యను లెక్క పుస్తకప్రియులకు ఆనాడు స్పష్టముగా తెలియును.

ఆ లెక్కనుండి పుట్టిన ప్రశ్ననే ఈ నెల చదువరుల ముందుంచుచున్నాము. ఉద్యోగము చేసి కుటుంబమును పోషించుచు, బిడ్డలను పెంచుచున్నవాడు గ్రంథపఠనమునకై తీసికొను గడియ ఎవరిది? అది అతని సొంతమా? లేక బిడ్డలకు చెందవలసినదానిని అతడు అపహరించుచున్నాడా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. పేకాటకును మద్యమునకును కాలము వెచ్చించువానిని లోకము నిందించును గాని పుస్తకము చదువువానిని నిందింపదు. అందువలననే దీనిని మఱింత శ్రద్ధతో విచారింపవలసియున్నది. నింద లేని చోట తప్పు దాగుట సులభము.

ఒక ఉపాధ్యాయుని దినచర్యను చూతము. ఉదయము ఎనిమిది గంటలకు ఇల్లు విడచి సాయంకాలము ఐదు గంటలకు మరలి వచ్చును. దారిలో కూరగాయలు, ఇంటికి వచ్చిన పిమ్మట దిద్దవలసిన పరీక్షకాగితములు, పిల్లల లెక్కలు, పాలవాని బాకీ, వృద్ధులైన తల్లిదండ్రుల మందులు. భోజనములైన తరువాత రాత్రి తొమ్మిదిన్నరకు ఒక గంట మిగులును. ఆ గంటకు హక్కుదారులు పలువురు. చిన్నపిల్ల కథ చెప్పుమనును. ఇల్లాలు దినమంతయు చెప్పుటకు వీలుకాని మాట నొకదానిని చెప్పవలెననుకొనును. దేహము నిద్ర కోరును. బల్లమీద సగము చదివిన పుస్తకము గుర్తుకాగితముతో ఎదురుచూచుచుండును. సెలవులు వచ్చినచో ఈ తగవు తీఱునని తలంచుట భ్రమ. దసరా సెలవులలో పుస్తకములును పిల్లలును ఒక్కసారియే ఇంటనుండును గనుక తగవు పెరుగును. ధనవిషయమునను ఇంతే. పండుగకు పిల్లల బట్టలు కొనవలసిన నెలలోనే పుస్తకప్రియుని చేతిసంచిలో కొత్త సంపుటము చేరుచుండును.

ఈ తగవునకు లోకము రెండు తీర్పులు చెప్పుచున్నది. సంసారి ముందుగా సంసారమును చక్కబెట్టుకొనవలెను, చదువు పింఛను పుచ్చుకొన్న తరువాత చదువవచ్చునని మొదటి తీర్పు. ఇది మన ఆశ్రమక్రమమునకు దగ్గరగా నున్నట్లు తోచును. బ్రహ్మచారి చదువును, గృహస్థు పోషించును, వానప్రస్థుడు ధ్యానించును. కాని ఇప్పటి లెక్క వేసి చూడుడు. ప్రభుత్వోద్యోగి విరమించుటకు ఆంధ్రప్రదేశమున 2022 నుండి 62 ఏండ్లు, తెలంగాణమున 2021 నుండి 61 ఏండ్లు నిండవలెను. అప్పటికి కన్నులయందు శుక్లములు దిగును. కన్నులు బాగుగనున్నను, ముప్పదియేండ్లు మూసియుంచిన మనస్సు పింఛను కాగితము చూచి తెఱచుకొనదు. చదువు అలవాటు, అలవాటు వాయిదాకు నిలువదు. అదిగాక, చదువు మానిన ఉపాధ్యాయుడు పాతికేండ్లనాటి మాటలనే ఏటేట కొత్త పిల్లలకు చెప్పును. ఆ నష్టము అతని బిడ్డలతో నాగదు.

విద్య పవిత్రము, విద్వాంసుని పఠనమునకు భంగము కలిగింపరాదని రెండవ తీర్పు. ఇంటివారు మెల్లగా నడువవలెను; పిల్లలు గట్టిగా నవ్వరాదు; అయ్య చదువుకొనుచున్నాడు. పలు యిండ్లలో ఇది ఎవరును నోట పలుకని శాసనము. ఇందు పుస్తకమునకు గౌరవము కలదు గాని మనుష్యులకు లేదు. పుస్తకములు మనుష్యులకొఱకే వ్రాయబడినవను సంగతి ఈ శాసనకర్తలకు తట్టదు.

మన పండుగలలోనే ఈ రెండు తీర్పులకు ప్రత్యుత్తరమున్నదేమో చూతము. దసరాలలో మూలానక్షత్రము నాడు సరస్వతీపూజ చేయుదుము. పుస్తకములను పీటమీద పేర్చి, పసుపుకుంకుమలుంచి, పూజ ముగియువఱకు తెఱవక యుంచుదుము. కొందఱు నవీనులు దీనిని పరిహసింతురు. మేము పరిహసింపము. వడ్రంగి ఉలిని, రైతు నాగలిని, బస్సు నడుపువాడు బస్సును పూజించుచున్నారు. పనిముట్టునకు కృతజ్ఞత చూపుట మంచి యాచారమే. అయితే వడ్రంగి పండుగ కాగానే ఉలి చేతబట్టును. రెండు మూడు దినములు పుస్తకమును మూసియుంచుట పూజ యగును గాని ఏడాది పొడుగున మూసియుంచుట పూజ కాదు. పరీక్షపుస్తకము తప్ప వేఱొకటి తెఱవబడని యింట పెరుగు బిడ్డ సరస్వతిని పరీక్షాధికారిణిగానే ఎఱుగును. కావున తల్లిదండ్రులు చదువు మానవలసిన పని లేదు. ఏ విధముగా చదువవలెనో అది తెలిసికొనవలెను.

పుస్తకములను ప్రేమించిన తండ్రులను ఇద్దఱిని ఇంగ్లీషు సారస్వతమునుండి చూపుదుము. మొదటివాడు కల్పితుడు. 1813లో వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లోని బెన్నెట్ దొర. ఐదుగురు కుమార్తెల తండ్రి, తెలివిగలవాడు, చమత్కారి. భార్య మాటలు సహింపలేక పుస్తకముల గదిలో చేరి నెమ్మది వెదకుకొనును. కడగొట్టు కుమార్తెయగు లిడియాను బ్రైటనునకు పంపవలదని ఎలిజబెత్తు హెచ్చరించినను, పంపనిచో ఇంట శాంతి యుండదని పంపివేయును. ఆ పిల్ల నీతిమాలిన సైనికోద్యోగితో లేచిపోవును. ఆయన చదివిన పుస్తకములయందు దోషమేమియు లేదు. దోషము ఆ గది తలుపునందున్నది.

రెండవవాడు నిజముగా బ్రదికినవాడు. హిందూదేశమునకు ఒక్కనాడును రాకయే హిందూదేశచరిత్ర వ్రాసిన జేమ్సు మిల్లు. 1817లో ప్రకటింపబడిన ఆ గ్రంథమును తాను వ్రాయుచున్న బల్లయొద్దనే కుమారుడగు జాన్ స్టువర్టు మిల్లును కూర్చుండబెట్టి చదువు చెప్పెను. మూడవయేటనే గ్రీకు మొదలు. గ్రీకు పదములకు ఇంగ్లీషులో అర్థము చెప్పు నిఘంటువులు లేని కాలము. తెలియని ప్రతిపదమునకు బాలుడు తండ్రినే అడుగవలెను. స్వభావముచేత ఓర్పు లేని ఆ తండ్రి ప్రతిసారియు వ్రాత నాపి సమాధానము చెప్పెను. 1873లో వెలువడిన స్వీయచరిత్రలో కుమారుడు ఈ సంగతిని ఆదరముతో వ్రాసినాడు. ఆ తండ్రి శ్రమకు మేమును నమస్కరింతుము. కాని తరువాతి కథను కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. 1826 శరత్కాలమున, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆ యువకునకు జీవితముపై రుచి చచ్చినది. తన వ్యథను చెప్పుకొనదగినవారిలో తండ్రి కడపటివాడని అతనికి తోచెను. కొన్ని నెలలకు మార్మోంటెల్ అను ఫ్రెంచి రచయిత స్మృతులలో తండ్రి మరణించిన ఘట్టము చదువుచు కన్నీరు విడిచినప్పుడు గాని అతని బరువు తగ్గలేదు. బెన్నెట్ దొర బిడ్డలను విడిచి పుస్తకమును పట్టెను. మిల్లు బిడ్డనే పుస్తకముగా చేయబోయెను. ఇద్దఱును పఠనప్రియులే. బిడ్డ వచ్చి ప్రక్కన కూర్చుండి తన మాట చెప్పుకొను చనువు ఇద్దఱి యింటను లేకపోయెను.

ఇక మన పూర్వుల మాట. బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టుచున్నాడనియు, ఋషులకు బ్రహ్మచర్యముచేతను, దేవతలకు యజ్ఞముచేతను, పితరులకు సంతానముచేతను వానిని తీర్పవలెననియు తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. ఆ మాటను ఒక కులమునకు కట్టిపెట్టుట నేటికి తగదు. అక్షరము వచ్చిన ప్రతి స్త్రీకిని ప్రతి పురుషునకును, ఆ అక్షరమును కాపాడి, తాటాకులపై ఎత్తి వ్రాసి, అచ్చువేసి మనవఱకు తెచ్చిన పూర్వులకు చెల్లింపవలసిన ఋణము కలదు. ఒకరిచేత పెంచబడిన ప్రతివారికిని, తరువాతి తరమును పెంచవలసిన ఋణము కలదు. పుస్తకప్రియుడైన సంసారి ఈ రెండు అప్పులవారును తన వాకిట తగవులాడుచున్నారని తలంచి, ఒకరిని మఱుగుపఱచి ఇంకొకరిని సమాధానపఱుపజూచును.

ఈ తగవును ముందుగానే ఊహించినట్లు తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఒక అనువాకమున్నది. ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము, అగ్నులు, అతిథులు, మనుష్యధర్మము, సంతానము అని విధుల నొక్కొక్కదానిని పేర్కొని, ప్రతిదాని ప్రక్కను స్వాధ్యాయప్రవచనములను చేర్చినది. సంతానమునకు ముందని గాని తరువాతనని గాని చెప్పలేదు. దానితో కూడ అని చెప్పినది. తుదిని ముగ్గురు ఆచార్యుల మతములు కలవు. రాథీతరుడు సత్యమే ప్రధానమనెను, పౌరుశిష్టి తపస్సనెను, నాకమౌద్గల్యుడు స్వాధ్యాయప్రవచనములే యనియు, తపస్సన్నను అదియేయనియు చెప్పెను. ఈ జంటపదములో మనము తఱచుగా సగమునే వినుచున్నాము. స్వాధ్యాయమనగా తాను చదువుట. ప్రవచనమనగా చదివినదానిని ఇతరులకు చెప్పుట. మొదటిదానిని మాత్రమే చేయువాడు పూర్వులయొద్ద మఱికొంత అప్పు తెచ్చుకొనుచున్నాడే గాని పాతయప్పు తీర్చుట లేదు. రెండవది చేరినప్పుడే ఋషులకు చెల్లించిన సొమ్ము బిడ్డలకు చేరును. అప్పుడు రెండు ఋణములును ఒక్క చెల్లింపుతో తీఱును. ఇది మా సిద్ధాంతము.

ప్రవచనమనగా పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి ఉపన్యసించుట కాదు. బడిలో దినమంతయు మాటలాడినవాడు ఇంటను ఉపన్యసింపగోరడు, పిల్లలును విననొల్లరు. చిక్కుడుకాయలు ఒలుచుచు, తాను రాత్రి చదివిన కథను సగమువఱకు చెప్పి, ఆ తరువాత నేమి జరిగియుండునో పిల్లలను అడుగుట ప్రవచనము. వారు చెప్పిన ముగింపు గ్రంథకర్త ముగింపుకన్న బాగున్నచో ఆ మాట ఒప్పుకొనుట అంతకన్న మంచి ప్రవచనము. పది నిమిషములు గొంతెత్తి చదువుట ప్రవచనము. మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. కార్తికమాసమున దీపము పెట్టిన తరువాత ఒకరు కార్తికపురాణము చదువగా పదిమంది కూర్చుండి వినుట నేటికిని పలు యూళ్లలో కలదు. అరుగులపై భారతము చదువబడినప్పుడు అక్షరము రానివారును విని, కథలోని న్యాయాన్యాయములను తర్కించిరి. ఒక్క పుస్తకము వీధికంతకు చాలెను. ఆ యరుగునకు దూరముగా నిలువబెట్టబడిన కులములవారు కూడ నుండిరి. ఆ దోషమును మఱచి పూర్వకాలమును పొగడుట మాకిష్టము లేదు. కాని పుస్తకమునకు గొంతు ఇచ్చు నలవాటు మంచిది. దానిని అందఱకు తలుపు తెఱచి నిలుపుకొనవలసినది.

ఇప్పుడొక కఠినమైన మాట చెప్పవలసియున్నది. ఇంతవఱకు తండ్రినిగూర్చి వ్రాసితిమి, తల్లి ఎక్కడ? 2019లో భారతప్రభుత్వము జరిపించిన కాలవినియోగపు సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపనిలో పాల్గొను స్త్రీ దానికి దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నారు. పాల్గొనువారైనను స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది మాత్రమే. నిమిషములలో భేదము మూడుగంటల ఇరువదిరెండు. పుస్తకప్రియుడైన గృహస్థునకు రాత్రి మిగిలిన గంట ఎచ్చటనుండి మిగిలినదో ఈ అంకెలు చెప్పుచున్నవి. ఉద్యోగము చేయు తల్లి కార్యాలయమునుండి వచ్చి తిన్నగా వంటింటిలోనికి పోవును. పండుగల కాలమున ఆమె పని ఇబ్బడి యగును: దసరాకు పిండివంటలు, దీపావళికి ఇల్లు దులుపుట, కార్తికమున తెల్లవాఱకమునుపే దీపములు. ఆమెకు చదువు రాదా? స్త్రీకి చదువు రావలెనని వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిరి. 1883లో స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ పత్రిక నారంభించిరి. చదువు వచ్చినది. చదువుకొనుటకు గంట రాలేదు.

కావున మా మతమిది. ఇంట ఒకరు పఠనమునకై ఎంత కాలము తీసికొందురో, అంత కాలము రెండవవారికిని దక్కవలెను. దక్కునట్లు చేయుట మొదటివారి విధి. అంట్లు తోముట, బట్టలు మడతపెట్టుట, పిల్లల మఱునాటి క్యారేజీలకు కూర తఱిగియుంచుట స్వాధ్యాయమునకు అంగములే. ఇతరుల సొత్తును కోరకుండుట అస్తేయమని శాస్త్రము. కాలముకూడ సొత్తే. ఈ సరిపంపకము లేని యింట తండ్రి ఉపనిషత్తు చదివినను అది పరధనముతో చేసిన వ్రతమువంటిది.

“అట్లయిన పుస్తకప్రియునకు ఏకాంతమే లేదా?” యని ఒకరడుగుదురు. కలదు, ఉండవలెను. అందఱితో పంచుకొనదగిన గ్రంథములు కొన్ని; తనలో తాను మెల్లగా జీర్ణించుకొనదగినవి కొన్ని. తండ్రి గాని తల్లి గాని జీతమునకు పనికిరాని, పరీక్షకు పనికిరాని యొక పుటపై తల వంచి తన్మయులగుట బిడ్డ చూడవలెను. ఆ దృశ్యము వేయి హితబోధలకన్న నెక్కువ చెప్పును. ఇందు ఈ కాలమున ఒక చిక్కు కలదు. ఫోనులో మనము వ్యాసభారతము చదువుచున్నను, తెలిసినవారి వివాహపు ఛాయాచిత్రములు చూచుచున్నను, ఎదుట కూర్చున్న బిడ్డకు కనబడునది ఒక్కటే: వెలుగు పడిన తండ్రిముఖము. కాగితపు పుస్తకమునకు అట్ట కలదు, పేరు కలదు, ఎంత చదివితిమో ఎంత మిగిలినదో బిడ్డకును తెలియును. బిడ్డల యెదుట చదువునప్పుడు కాగితపు పుస్తకమునే చేతబట్టుట మంచిదని మా యభిప్రాయము.

ఏకాంతమునకు ఒక హద్దును కలదు. చదువు మధ్యలో బిడ్డ వచ్చి ప్రశ్న వేసినప్పుడు గుర్తు పెట్టి పుస్తకము మూయవలెను. కాళిదాసు మనకొఱకు పదునైదు శతాబ్దములకుపైగా వేచియున్నాడు. ఇంకొక పది నిమిషములు వేచియుండగలడు. బిడ్డ ప్రశ్న వేచియుండదు. నేడు విసుగుకొన్నచో ఎల్లుండి ఆ ప్రశ్న మనయొద్దకు రాదు. వేఱొకరియొద్దకు పోవును, లేదా లోపలనే ఎండిపోవును. జేమ్సు మిల్లు ఓర్పును నేర్చుకొందము. సమాధానము చెప్పిన తరువాత “నీకేమి తోచుచున్నది?” అని అడుగుటను మాత్రము మన వంతుగా చేర్చుకొందము.

పుస్తకములు కొనలేని సంసారులు మా మాటలు తమకు కావనుకొనరాదు. వారికొఱకే ఈ దేశమున గ్రంథాలయోద్యమము పుట్టినది. 1914లో బెజవాడయందు గ్రంథాలయముల మహాసభ జరిగినది. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినది. 1935లో కృష్ణా కాలువలపై పుస్తకములు పడవలో పల్లెలకు పోయినవి. నేడు మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు చెల్లించుచున్నాము. చెల్లించి, ఆ గడప త్రొక్కుట మఱచుచున్నాము. శరత్తు చివర, నవంబరు 14న బాలల దినోత్సవము. జాతీయ గ్రంథాలయ వారోత్సవములు మొదలగునదియు ఆ దినముననే. రెండు ఋణములకును ఒకే వాయిదా తేదీ కుదిరినది. ఆనాడు బిడ్డల చేయి పట్టుకొని, భార్యాభర్తలిరువురును ఊరి గ్రంథాలయమునకు పోయి, ఇంటిలో ఎందఱున్నారో అన్ని పుస్తకములు తెచ్చుకొనవలెనని కోరుచున్నాము. ఎవరి పుస్తకము వారే ఎంచుకొనవలెను. బిడ్డ ఎంచుకొన్నది మనకు నచ్చకపోయినను దానిని ముందుగా ఆమెచేత చదివించి వినుడు. ఆ రాత్రి అంట్లు ఎవరు తోమవలెనో కూడ దారిలోనే నిర్ణయించుకొనుడు.